ఎలివేషన్‌లో లోతు కనిపించాలంటే గీతల మందం ఎలా నిర్ణయించాలి?

ప్రశ్న: పెన్నాగట్టు (నెల్లూరు)

పెద్దలకు నమస్కారం. నెల్లూరులో ఒక ఇంజనీరు గారి దగ్గర రెండేళ్లుగా డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేస్తున్నాను. కోవూరులో కట్టబోయే ఒక రెండంతస్తుల ఇంటికి ముందువైపు ఎలివేషన్ (ఎదురుగా నిలబడి చూస్తే కనిపించే ముఖభాగం బొమ్మ) గీశాను. ఎడమవైపు గోడకన్నా 8 అడుగులు ముందుకు వచ్చిన పోర్టికో, కుడివైపు పై అంతస్తులో 4 అడుగుల బాల్కనీ, మిద్దె మీద పిట్టగోడకు 15 అడుగుల వెనుక మెట్ల గది ఉన్నాయి. స్తంభాలకు 0.5 మిల్లీమీటర్లు, గోడలకు 0.35, తలుపులకూ కిటికీలకూ 0.25, గ్రిల్లుకు 0.18 చొప్పున ఒక్కొక్క లేయరుకు (కంప్యూటర్ బొమ్మలో ఒక రకం గీతలను విడిగా ఉంచే పొరకు) ఒక్కొక్క మందం ఇచ్చాను. అయినా ప్రింటు తీసి చూపించినప్పుడు ఇంటి యజమాని పోర్టికో మీదే వేలు పెట్టి, పోర్టికో ఎక్కడున్నదని అడిగారు. నాలుగు రకాల మందం ఉన్నా బొమ్మంతా గోడకు అతికించినట్లే ఎందుకు కనిపిస్తున్నది? త్రీడీ వ్యూ చేయించి ఇవ్వవచ్చు గానీ, చివరికి మేస్త్రి చేతిలో ఉండేది ఈ కాగితమే కాబట్టి ఇందులోనే తెలియాలని నా కోరిక.

జవాబు: పాత డ్రాయింగ్ బోర్డు (ఒంగోలు)

మీరు మందాన్ని వస్తువును బట్టి ఇచ్చారు. లోపం అక్కడే ఉన్నది. గోడ అయినంత మాత్రాన దాని గీతలన్నీ ఒకే మందంలో ఉండనక్కరలేదు. ప్రతి గీత దగ్గరా, ఈ అంచు దాటిన చూపు ఎంత వెనక్కి పోయి ఆగుతుందో చూసుకోండి. పోర్టికో స్లాబు అంచు దాటితే చూపు 8 అడుగుల వెనుకనున్న గోడకు తగులుతుంది కనుక అది 0.5. బాల్కనీ అంచు వెనుక ఖాళీ అందులో సగమే కనుక 0.25. కిటికీ చట్రం గోడలోపలికి నాలుగు అంగుళాలే పోతుంది కనుక 0.13 చాలు. ఈ లెక్కన ఒకే స్తంభానికి వెలుపలి అంచు 0.5 అయితే, దాని మీద తీసిన గాడి 0.13 అవుతుంది, స్తంభమంతటికీ ఒకే లేయరు ఇచ్చినవారికి ఇది సాధ్యం కాదు. నేల గీత మాత్రం అంచు కాదు, భూమిని కోసిన చోటు, దానికి 1.0 ఇచ్చినా తప్పులేదు.

మీరు ఎంచుకున్న నాలుగు మందాలూ పక్కపక్కవి కావడం రెండో కారణం. 0.13, 0.18, 0.25, 0.35, 0.5, 0.7, 1.0 అనే ఈ వరుసలో ఒక్కొక్కటి ముందుదానికి సుమారు 1.4 రెట్లు ఉంటుంది. ఆ తేడాను ప్రింటులో కన్ను అంత తేలికగా పోల్చుకోలేదు. ఒకటి విడిచి ఒకటి తీసుకుంటే మందం రెట్టింపవుతూ పోతుంది. ఏ2 కాగితాన్ని అందులో సగముండే ఏ3కి కుదించినప్పుడు 0.35 గీత 0.25కు, 0.25 గీత 0.18కి దిగి మళ్లీ అదే వరుసలో నిలిచేటట్లు ఈ కొలతలను ఏర్పరచారు. అయితే అట్టడుగున ఉన్న 0.13 గీత కుదింపులో 0.09కి పడిపోయి జిరాక్సులో తెగిపోతుంది. కుదించి ఇవ్వక తప్పదనుకుంటే దానిని ముందే 0.18 చేయండి. ఆటోక్యాడ్‌లో బొమ్మ గీసే చోటైన మోడల్ స్పేసులో దగ్గరికి లాగినా దూరం జరిపినా తెరమీద గీత మందం మారదు కనుక తెరను నమ్మి నిర్ణయం తీసుకోకండి.

జవాబు: కందుకూరు గీతలు

పై నియమం బాగున్నది గానీ మెట్ల గది దగ్గర అది తిరగబడుతుంది. మెట్ల గది అంచు దాటితే ఉన్నది ఆకాశమే. ఖాళీని బట్టి మందం ఇస్తే అన్నింటికన్నా వెనుకనున్న గదికే అన్నింటికన్నా లావు గీత పడి, అది పోర్టికో కంటే ముందుకు వచ్చి నిలబడుతుంది. ఒకసారి నేను అలాగే గీసి నవ్వులపాలయ్యాను.

జవాబు: పాత డ్రాయింగ్ బోర్డు (ఒంగోలు)

నిజమే, అది చెప్పడం మరచిపోయాను. వెనుక ఆకాశమే ఉన్న అంచుకు ఆ లెక్క వర్తించదు. అక్కడ ఆ వస్తువు చూసేవారికి ఎంత దూరంలో ఉన్నదో దానిని బట్టి ఇవ్వాలి. మెట్ల గదికి 0.18 ఇచ్చి, దాని అడుగు భాగాన్ని కప్పే పిట్టగోడ పై అంచుకు 0.5 ఇవ్వండి. ఆ రెండూ కలిసే చోట మెట్ల గది గీతలను పిట్టగోడకు అర మిల్లీమీటరు ముందే ఆపితే ఆ గది ఇంకా వెనక్కి పోతుంది. ఇది చేత్తో గీసే రోజులనాటి అలవాటు. కొందరికి నచ్చదు, నాకు నచ్చుతుంది.

జవాబు: నల్లరాయి (చీమకుర్తి)

గీతలు ఎంత సరిచేసినా హ్యాచింగు (ఉపరితలాన్ని చుక్కలతోనో గీతలతోనో నింపడం) వాటిని మింగగలదు. మా వైపు ఇళ్లలో స్తంభాలకు నల్ల గ్రానైటు అతికించడం మామూలు. దానిని చూపడానికి స్తంభమంతా చుక్కలతో నింపితే 0.5 అంచు అందులో మునిగిపోతుంది. రాళ్ల అతుకులు మాత్రం 0.13తో గీసి, రాయి పేరు పక్కన రాస్తే సరిపోతుంది.

గీతల మందం ఏది ముందో ఏది వెనుకో చెబుతుందే తప్ప ఎంత వెనుకో చెప్పదు. ఆ పని నీడ చేస్తుంది. వెలుతురు ఎడమవైపు పైనుండి, ప్లానులోనూ ఎలివేషన్‌లోనూ 45 డిగ్రీలుగా కనిపించేటట్లు పడుతున్నదని అనుకోవడం ఆనవాయితీ. అప్పుడు 2 అడుగుల సన్‌షేడు నీడ గోడ మీద సరిగ్గా 2 అడుగుల కిందికి దిగుతుంది. ఉత్తరం వైపు గోడకు ఏడాదిలో చాలా నెలలు ఎండ తగలదని సందేహం రావచ్చు. ఈ నీడ కొలత కోసం వేసేదే గాని ఎండను చూపడానికి కాదు. పలుచని బూడిద రంగు చాలు, నలుపు వద్దు.

పెన్నాగట్టు (నెల్లూరు)

అందరికీ కృతజ్ఞతలు. లేయర్లను వస్తువుల పేరుతో కాక లోతును బట్టి మళ్లీ విడదీయడానికి ఒక పూట పట్టింది. నీడలను బాల్కనీకీ సన్‌షేడ్లకూ మాత్రమే వేసి, కుదింపు లేకుండా ఏ3 మీదే ప్రింటు తీయించాను. మేస్త్రి ప్లాను అడగకుండానే బాల్కనీ నీడ మీద స్కేలు పెట్టి 4 అడుగులని చెప్పాడు. యజమాని ఈసారి పోర్టికో ఊసెత్తలేదు. మెట్ల గది అంత వెనక్కి ఎందుకు పోయిందని అడిగారు.