సమస్య: "స్వార్థమే కద హక్కుల సారమెల్ల"

నల్లగొండ నుంచి అందరికీ నమస్కారం. డిసెంబరు 10 మానవ హక్కుల దినం. 1948లో ఆ రోజే ఐక్యరాజ్యసమితి విశ్వ మానవ హక్కుల ప్రకటనను ఆమోదించింది. అందుకే ఈ వారం సమస్య, అంటే చివరి పాదంగా పెట్టి మీరు పద్యం పూర్తి చేయాల్సిన మాట, ఇది. తేటగీతి అనే నాలుగు పాదాల ఛందస్సులో ఉంది:

స్వార్థమే కద హక్కుల సారమెల్ల

ఈ మాట తప్పని నాకూ తెలుసు. పై మూడు పాదాలు రాసి ఆ మాట ఒప్పయ్యేలా చేయడమే మీ పని, దాన్నే పూరణ అంటాం. మన జిల్లాల బతుకు పద్యంలో కనబడితే ఇంకా సంతోషం.

నారాయణపేట తమ్ముడు:

మేస్త్రి యడ్వాన్సు చేతిలో మెత్తగ నిడి
పాలమూరోణ్ణి దూరాన పనికి దోలి
అడగ కూలిని, నవ్వుచు ననియె నిట్లు
"స్వార్థమే కద హక్కుల సారమెల్ల"

దేవరకొండ మాస్టారు: తమ్ముడూ, గణాలూ (లఘువు, గురువుల కూర్పు) యతీ (పాదం మొదటి అక్షరానికి నడుమ జతపడే అక్షరం) కుదిరాయి. "మెత్తగ నిడి" అన్నచోట కూలీలను తోలే ఆ మేస్త్రి మొహమే కనబడింది. కానీ చెడ్డమాటను చెడ్డవాడి నోట పెట్టి గట్టెక్కడం పాత దారి. అడ్వాన్సు పేరుతో మనిషిని కట్టేసుకోవడం వెట్టిచాకిరీ, 1976లోనే చట్టం దాన్ని రద్దు చేసింది. ఆ కూలీ చేత ఎదురు ఒక్క మాట అనిపించి ఉంటే పద్యం లేచి నిలబడేది.

అచ్చంపేట చెల్లెమ్మ:

పరుల గొంతు తడిపినచో బ్రతుకు ఫలము
తనకు దక్కిన దానిని దాచ కెపుడు
పంచుకొన్నదె ధర్మము, పలుకు మిది ని
స్వార్థమే కద హక్కుల సారమెల్ల

మాస్టారు: "ని" చేర్చి నిస్వార్థం చేశావు, ఆలోచన బాగుంది తల్లీ. అయితే "నిస్వార్థమే" ఒకే పదం. తర్వాత "స్వా" సంయుక్తాక్షరం ఉంది కాబట్టి "ని" లఘువు (పొట్టి అక్షరం) కాక గురువు (బరువైన అక్షరం) అవుతుంది. "మిదిని" న గణం (మూడు లఘువులు) కావాలి, స గణం (రెండు లఘువులు, ఒక గురువు) అయింది. "పలుకుమిది" కూడా గణం నింపడానికి వచ్చిన మాటే. మూడో పాదం మార్చి చూడు.

చెల్లెమ్మ: మార్చాను మాస్టారూ.

పంచుకొన్న వాడెరుగును, వంచకునకు
స్వార్థమే కద హక్కుల సారమెల్ల

మాస్టారు: ఇప్పుడు నిలిచింది. ప, వ యతి చెల్లుతుంది.

మర్రిగూడ అక్క:

బావి నీటిలో ఫ్లోరైడు బ్రతుకు వంచె
లోతు బోరేసి నీరమ్మె లోభి యొకడు
త్రాగివేసిన దెవ్వరు? తరచి చూడ
స్వార్థమే కద, హక్కుల సారమెల్ల!

ఆ ఫ్లోరైడు నీళ్లు తాగి మా చిన్నత్త మెడ తిప్పలేకపోతుంది. పిలిస్తే ఒళ్లంతా తిప్పి చూస్తుంది. కింద కూర్చుంటే గోడ పట్టుకుని లేస్తుంది. నీళ్లలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు. ఆమె చిన్నప్పటి బావికి ఆ లెక్క ఎవరు చెప్పారు? పటిక, సున్నం వేసి ఫ్లోరైడు తీసే పద్ధతికి మన నల్లగొండ పేరే పెట్టారు. పేరు దేశమంతా తిరిగింది, మా అత్త నడుము మాత్రం వంగిపోయింది. ఇప్పుడు నల్లా నీళ్లొస్తున్నాయి కానీ వంగిన ఎముక మళ్లీ సాగదు కదా.

మాస్టారు: పాదాన్ని రెండుగా విరిచావు, "త్రాగివేసింది" అనే క్రియను హక్కుల సారానికి ముడివేశావు. ఇంతవరకు వచ్చిన పూరణల్లో ఇదే మిన్న.

నారాయణపేట తమ్ముడు: ఒక సందేహం అక్కా. బోరేసినాయన నా భూమి, నా హక్కు అంటాడు. మనకు నీళ్లు కావాలని మనమూ అడుగుతాం. రెండూ ఎవరి స్వార్థం వారిదే కదా?

దీనికి, సమస్య ఇచ్చిన నేనే జవాబు చెప్తాను తమ్ముడూ, ఇది ఇచ్చింది ఇందుకే. ఆ 1948 ప్రకటనలో చివరిది 30వ అధికరణం. ఇందులోని ఏ మాటనూ ఇతరుల హక్కులను చెరిపేసే హక్కుగా చదువుకోకూడదని అది చెబుతుంది. నీళ్లు అడిగేవాడు తన దాహం చెప్పుకుంటున్నాడు, పక్కవాడి బిందె లాక్కోవడం లేదు. కలుషితం కాని నీరు, గాలి జీవించే హక్కులో భాగమని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. అది బోరున్నవాడికీ వర్తిస్తుంది, లేనివాడికీ వర్తిస్తుంది. ఒక్కడికే దక్కేదాన్ని హక్కు అని నేను అనలేను.

మర్రిగూడ అక్క: తమ్ముడి ప్రశ్నకే ఇంకో పూరణ.

వంగి పోయిన నడుముతో వచ్చి యవ్వ
తనకు బిందెడు, పక్కింటి తల్లి కొకటి
అడిగె నల్లా కడ నిలిచి, యనుట తగునె
"స్వార్థమే కద హక్కుల సారమెల్ల"?

మాస్టారు: రెండో పాదం దగ్గర ఆగిపోయానమ్మా. ఆ రెండో బిందె పద్యం కోసం పెట్టిందా, నిజంగా జరిగిందా?

అక్క: జరిగిందే మాస్టారూ. పక్కింటామె మంచం దిగలేని మనిషి.