క్యాపిటల్ నిష్పత్తి నిక్షేపంగా ఉన్న బ్యాంకు రెండు రోజుల్లో ఎలా మూతపడుతుంది?

పద్దుపుస్తకం:
బాసెల్ 3 (బ్యాంకుల అంతర్జాతీయ నిబంధనలు) ప్రకారం రిస్క్ వెయిట్ కట్టిన (ఏ ఆస్తికి ఎంత రిస్కో దాన్ని బట్టి లెక్కేసిన) ఆస్తుల మీద కనీసం 8 శాతం మూలధనం, దానిపైన 2.5 శాతం బఫర్ (అదనపు రక్షణ), మొత్తం 10.5 ఉండాలి కదా. 2023 మార్చిలో మూతపడిన అమెరికా సిలికాన్ వ్యాలీ బ్యాంకుకు అంతకన్నా ఎక్కువే ఉంది. మరి ఆ లెక్క కొలిచేది ఏమిటి? పర్యవేక్షకులు ఇంకేం చూస్తారు? అంకెలతో చెప్పగలిగితే మేలు.

నిలువకట్టు:
అంకెలతోనే చూద్దాం. ఒక బ్యాంకు ఆస్తులు 1,000. అందులో ప్రభుత్వ బాండ్లు 300, ఇళ్ల అప్పులు 300, కంపెనీలకిచ్చిన అప్పులు 400. సొంత మూలధనం 60, మిగతా 940 డిపాజిట్లు.

సొంత దేశపు ప్రభుత్వ బాండ్లకు రిస్క్ వెయిట్ సున్నా అనుకోండి. ఇళ్ల అప్పులకు 35 శాతం, రేటింగ్ లేని కంపెనీలకు 100 శాతం. మొత్తం 0 + 105 + 400 = 505. 60ని 505తో భాగిస్తే 11.9 శాతం. నిబంధన దాటేసింది.

ఇప్పుడు వడ్డీ రేట్లు 3 శాతం పాయింట్లు పెరిగాయి. బాండ్ల డ్యురేషన్ (రేటు ఒక శాతం పాయింటు పెరిగితే ధర సుమారు ఎన్ని శాతం పడుతుందో చెప్పే కొలత) 6 ఏళ్లయితే ధర సుమారు ఆరో వంతు పడిపోతుంది. 300 కాస్తా 250. కానీ వాటిని 'మెచ్యూరిటీ దాకా ఉంచుకుంటాం' అన్న పద్దులో పెట్టారు కాబట్టి పుస్తకంలో ఇంకా 300 అనే ఉంటుంది, నిష్పత్తీ 11.9 దగ్గరే ఉంటుంది. నిజానికి మిగిలిన మూలధనం 10. కంపెనీల అప్పుల్లో ఇంకో 10 మునిగితే, అంటే 400లో రెండున్నర శాతమే, అదీ పోతుంది.

సున్నా వెయిట్ అంటే 'ప్రభుత్వం అసలు ఎగ్గొట్టదు' అని మాత్రమే. రేట్ల సంగతి అందులో లేదు. లివరేజ్ నిష్పత్తి (వెయిట్లు కట్టకుండా మొత్తం ఆస్తుల మీద మూలధనం) కూడా దీన్ని పట్టుకోదు: 60/1,000 అంటే 6 శాతం, కనీసం ఉండాల్సింది 3.

గళ్ళచీటీ:
చిన్న సవరణ. ఇళ్ల అప్పులకు 35 శాతం అన్నది బాసెల్ 2 లెక్క. 2017లో ఖరారైన నిబంధనల్లో ఇంటి విలువలో అప్పు ఎంత అన్నదాన్ని బట్టి 20 నుంచి 70 శాతం దాకా మారుతుంది. మీ ఉదాహరణ తేల్చిన విషయం మాత్రం మారదు.

పద్దుపుస్తకం:
అర్థమైంది, థాంక్సండీ. కానీ బాండ్లు అమ్మకుండా మెచ్యూరిటీ దాకా ఆగితే మొత్తం డబ్బు తిరిగొస్తుంది కదా. అప్పుడు ఆ 50 నష్టం ఉత్తి కాగితం మీదిదే కాదా?

నిలువకట్టు:
ఆగగలిగితే కాగితం మీదిదే. ఆగనిస్తారా లేదా అన్నది డిపాజిటర్ల చేతిలో ఉంది. లిక్విడిటీ కవరేజ్ నిబంధన (బయటికి పోయే డబ్బుకు సరిపడా, వెంటనే నగదయ్యే ఆస్తులు ఉండాలన్నది) 30 రోజుల ఒత్తిడిని ఊహిస్తుంది: బీమా ఉన్న స్థిరమైన చిల్లర డిపాజిట్లలో 5 శాతం, అంత స్థిరం కానివాటిలో 10 శాతం, బీమా లేని కంపెనీ డిపాజిట్లలో సాధారణంగా 40 శాతం బయటికి పోతాయని. సిలికాన్ వ్యాలీ బ్యాంకులో 2023 మార్చి 9న ఒక్కరోజే 4,200 కోట్ల డాలర్లు వెళ్లిపోయాయి, దాదాపు నాలుగో వంతు డిపాజిట్లు. మర్నాడు మరో 10,000 కోట్లు పోయేలా ఉన్నాయి. ఆ డిపాజిట్లలో 90 శాతానికి పైగా బీమా పరిమితి దాటినవే. పైగా ఆ బ్యాంకు ఉన్న వర్గానికి ఈ కవరేజ్ నిబంధనే వర్తించలేదు.

వడ్డీ రేట్ల రిస్క్‌కు వేరే పరీక్ష ఉంది. రేట్లు నిర్ణీత మేర మారాయనుకుని బ్యాంకు ఆర్థిక విలువ ఎంత తగ్గుతుందో చూస్తారు. టయర్ 1 మూలధనంలో (నష్టాలను ముందుగా భరించే ప్రధాన మూలధనం) 15 శాతం దాటితే గీత దాటినట్టే. తిరకాసంతా డిపాజిట్ల వైపుంది. పొదుపు ఖాతాల్లో డబ్బు తక్కువ వడ్డీకే ఏళ్ల తరబడి కదలదని బ్యాంకు ఊహిస్తే, ఆ లాభం బాండ్ల నష్టానికి చెల్లుపడి కాగితం మీద నష్టం మాయమైపోతుంది. పర్యవేక్షకుడు ముందు అడగాల్సింది ఆ ఊహకు ఆధారం ఏమిటని.

తనిఖీబల్ల:
అప్పుల వైపు చూద్దాం. మూలధనాన్ని చాటుగా తినేసేది అక్కడే ఎక్కువ.

పై ఉదాహరణలోనే, ఒకే యజమానికి చెందిన నాలుగు కంపెనీలకు తలా 10 అప్పిచ్చారనుకోండి. ఒకరికే ఇవ్వగలిగింది టయర్ 1లో 25 శాతం, ఇక్కడి 60 అంతా అదే అనుకుంటే 15. విడివిడిగా చూస్తే నాలుగూ పరిమితిలోపే, కలిపితే 40. అందుకే తనిఖీలో వాటాదారుల పట్టిక, హామీ సంతకాలు, ఒకరి ఖాతా నుంచి ఇంకొకరికి వెళ్లిన డబ్బు కలిపి చూస్తారు.

ఎవర్‌గ్రీనింగ్ (పాత అప్పు మొండి బాకీ కాకుండా కొత్త అప్పుతో తీర్పించడం) కూడా ఖాతా స్టేట్‌మెంట్‌లోనే దొరుకుతుంది. వాయిదా 90 రోజులు దాటితే మొండి బాకీ. కాబట్టి 60 నుంచి 89 రోజుల మధ్య నిలిచిపోయి త్రైమాసికం ఆఖరి వారంలో హఠాత్తుగా చెల్లించిన ఖాతాల జాబితా తీయాలి. ఆ జమ ఎక్కడి నుంచి వచ్చిందో వెనక్కి పట్టుకుపోతే, రెండు రోజుల ముందు ఇదే బ్యాంకు సోదర కంపెనీకిచ్చిన కొత్త అప్పు కనిపిస్తుంది. ఆ 40కి సగం ప్రొవిజన్ (రాదనుకున్న అప్పుకు ముందే నష్టంగా పక్కనపెట్టే మొత్తం) పెట్టమంటే మూలధనం 60 నుంచి 40కి, వెయిట్ కట్టిన ఆస్తులు 485కి దిగుతాయి. నిష్పత్తి 8.2. బఫర్ చాలా వరకు పోయినట్టే, డివిడెండ్ మీద ఆంక్షలు మొదలవుతాయి.

లోపం కనిపెట్టడం ఒకటి, సరిదిద్దించడం ఇంకొకటి. సిలికాన్ వ్యాలీ బ్యాంకు మూతపడేనాటికి పర్యవేక్షకులు ఎత్తిచూపిన 31 లోపాలు సరిదిద్దకుండానే ఉన్నాయని అమెరికా ఫెడరల్ రిజర్వ్ తన సమీక్షలో రాసింది. అలాంటి ఇతర బ్యాంకుల సగటుకు అది మూడింతలు. నోటీసు, గడువు, రేటింగ్ తగ్గింపు, విస్తరణపై ఆంక్ష... ఒక మెట్టు నుంచి పై మెట్టుకు వెళ్లేసరికి నెలలు గడిచిపోతాయి.

బయటి నుంచి చూసేవాళ్లు వార్షిక నివేదిక నోట్స్‌లో మూడు చూడండి: మెచ్యూరిటీ దాకా ఉంచే బాండ్ల పుస్తక విలువకూ మార్కెట్ విలువకూ తేడా, బీమా లేని డిపాజిట్ల వాటా, పెద్ద డిపాజిటర్ల వాటా. మొదటిదాన్ని మూలధనంలోంచి తీసేసి నిష్పత్తి మళ్లీ కట్టండి.