న్యాయమూర్తి పాలీన్ న్యూమన్‌ను పక్కన పెట్టడం సబబేనా?

విశాఖ వకీలు:
అమెరికా ఫెడరల్ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు న్యాయమూర్తి పాలీన్ న్యూమన్‌కు 2023 సెప్టెంబరులో కొత్త కేసులు ఆపేశారు. ఆపింది అమెరికా పార్లమెంటైన కాంగ్రెస్ కాదు, ఆమె తోటి న్యాయమూర్తులే. తీర్పుల్లో జాప్యం, మతిమరుపు, సిబ్బందితో గొడవలు అని ఆరోపణ. తాము చెప్పిన వైద్యుల దగ్గర పరీక్ష చేయించుకోమన్నారు, ఆమె ఒప్పుకోలేదు. ఆ నిరాకరణనే తప్పుగా పరిగణించి ఏడాది సస్పెన్షన్ వేశారు, ఆపైన పొడిగించారు. ఆమె 1927లో పుట్టారు. యేల్‌లో కెమిస్ట్రీ డాక్టరేట్ చేసి, తర్వాత లా చదివారు. 1984లో అధ్యక్షుడు రేగన్ నియమించారు. దేశం నలుమూలల నుంచి పేటెంట్ అప్పీళ్లు వెళ్లేది ఆ కోర్టుకే. అక్కడ తోటివారితో విభేదించి రాసే అసమ్మతి తీర్పులకు ఆమె పెట్టింది పేరు. అలాంటి మనిషికి ఇప్పుడు జీతం వస్తుంది, ఫైలు రాదు. అభిశంసన (కాంగ్రెస్ విచారించి పదవి నుంచి తొలగించడం) లేకుండా ఇంటికి పంపినట్టే కదా! నాకు ఇది అన్యాయంగా తోస్తోంది.

కెమిస్ట్రీ మాస్టారు:
వకీలు గారూ, కక్షిదారు గోడు కూడా వినండి. ఏళ్ల తరబడి శ్రమించి కనిపెట్టిన వస్తువు మీద హక్కు ఒక్క తీర్పుతో పోవచ్చు. మా నాన్నగారు ఎనభై దాటాక చెక్కు మీద సంతకం పెట్టి, పది నిమిషాలకు మళ్లీ చెక్కుబుక్కు తెమ్మనేవారు. సంతకం మాత్రం ముత్యాల్లా ఉండేది. తనకు ఏమీ కాలేదని ఆయన గట్టి నమ్మకం. మన హైకోర్టుల్లో 62కి, సుప్రీంకోర్టులో 65కి దిగిపోతారు. అందులో ఎవరికీ చిన్నతనం లేదు.

విశాఖ వకీలు:
మాస్టారూ, నాన్నగారి సంగతి చదివి మనసు కలుక్కుమంది. అందరికీ ఒకే వయోపరిమితి పెడితే నేనూ ఒప్పుకుంటాను. ఇక్కడ జరిగింది అది కాదు. విచారణ మొదలుపెట్టింది ప్రధాన న్యాయమూర్తి కింబర్లీ మూర్, విచారణ కమిటీలో కూర్చున్నదీ ఆవిడే. ఆరోపణలకు సాక్షులుగా నిలవగలిగినవాళ్లే శిక్షా వేశారు. విచారణను వేరే సర్క్యూట్‌కు, అంటే మరో అప్పీళ్ల కోర్టు న్యాయమూర్తులకు బదలాయించమని న్యూమన్ అడిగితే కాదన్నారు. సొంతంగా వైద్యులకు చూపించుకుని ఇచ్చిన నివేదికలు చాలవన్నారు. కోర్టుకు వెళ్తే, 2025 ఆగస్టులో వాషింగ్టన్ డీసీ అప్పీళ్ల కోర్టు పాత తీర్పు తమను కట్టిపడేస్తోందంటూ ఆమె దావా కొట్టివేతనే ఖాయం చేసింది. ఇక ఆమె గోడు ఎవరు వినాలి?

కెమిస్ట్రీ మాస్టారు:
బదలాయించి ఉండాల్సిందే, ఆ మాట కాదనను. అయినా తాను ఎంచుకున్న వైద్యుల నివేదిక ఇచ్చినవారు, కోర్టు ఎంచుకున్న వైద్యుడి ముందు ఒక్క పూట ఎందుకు కూర్చోలేదు? దీనికి మీ దగ్గర సమాధానం ఉంటే నా అభిప్రాయం మార్చుకుంటాను.