“పూస జారింది” అంటే జారింది ఏది?

ప్రశ్న (చిత్తూరు): మా వైపు నడుము పట్టినా, కాలు లాగినా, డిస్క్ (పూసల మధ్య ఉండే మెత్తటి దిండు) ఉబ్బినా అన్నిటికీ “పూస జారింది” అనేస్తారు. స్పాండిలోలిస్థెసిస్‌కు కూడా ఇదే మాట వాడొచ్చా?

జవాబు (తిరుపతి, ఫిజియోథెరపీ): అసలు ఆ మాట దానికే వాడాలి, అన్నా. గ్రీకులో స్పాండిలోస్ అంటే వెన్నుపూస, ఒలిస్థెసిస్ అంటే జారడం. పై పూస కింది పూస మీద ముందుకు జరుగుతుంది. డిస్క్ జబ్బులో పూస కదలదు, డిస్క్ మధ్యలోని గుజ్జు బయటికొచ్చి నరాన్ని నొక్కుతుంది. దాన్ని “గుజ్జు జారింది” అంటే సరి.

మాట కలిస్తే వ్యాయామమూ కలిసిపోతుంది, చిక్కంతా అక్కడే. డిస్క్ ఉన్న చాలామందికి బోర్లా పడుకుని ఛాతీ లేపమని చెబుతారు. జారిన పూసకు అది చేటు: వెనక్కి వంగితే పూస వెనకున్న కీళ్ల మీద ఒత్తిడి పెరిగి, నరాల దారి ఇరుకవుతుంది. భుజంగాసనం, ధనురాసనం వద్దు. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, పొట్ట బిగించి నడుమును నేలకు ఆనించాలి. 5 సెకన్లు ఆపి వదలాలి, ఇలా 10 సార్లు. ఊపిరి బిగబట్టకూడదు. తొడ వెనక కండరాలు బిగుసుకుంటాయి, వాటినీ మెల్లగా సాగదీయాలి.

అలిపిరి మెట్లు ఎక్కేటప్పుడు ముందుకు వంగుతాం కాబట్టి కొందరు ఓర్చుకోగలరు. దిగేటప్పుడు నడుము వెనక్కి వాలి కాళ్లు లాగుతాయి. అలాంటివాళ్లు బస్సులో దిగడం మేలు.

ఇంకొకరు: “పూస తప్పింది” అని కూడా అంటారు కదక్కా?

జవాబు: ఆ మాటతోనే నాకు భయం. కీలు తప్పితే ఎక్కిస్తారు, అందుకని పూసనూ నొక్కి ఎక్కించొచ్చనుకుంటారు. నొక్కితే ఎక్కదు. చిన్న వయసువాళ్లకు పూస వెనక సన్నటి ఎముక చీలి, ఎక్కువగా నడుములోని 5వ పూస జారుతుంది. 50 దాటినవాళ్లకు, ముఖ్యంగా ఆడవాళ్లకు, కీళ్లు అరిగి 4వది జారుతుంది. నిలబెట్టి పక్కనుంచి ఎక్స్‌రే తీయించాలి, పడుకోబెడితే జారుడు తక్కువగా కనపడొచ్చు. కింది పూస వెడల్పులో 25 శాతం లోపు జారితే మొదటి గ్రేడు, 50 లోపు రెండోది. మొదటి గ్రేడులో చాలామందికి ఆపరేషన్ అక్కర్లేదు.

మూత్రం ఆగినా, తెలియకుండా పోయినా, మలద్వారం చుట్టూ స్పర్శ తగ్గినా, పాదం పైకి లేవకపోయినా మాత్రం వ్యాయామం ఆపి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.