షీట్‌లో ఈటీఎఫ్ ధర వస్తోంది, ఫండ్ ఎన్‌ఏవీ రావట్లేదు

హన్మకొండ_పద్దులు:
మా బాపు సింగరేణిలో చేసి భూపాలపల్లిలో రిటైరయ్యారు. వచ్చిన డబ్బులో కొంత నిఫ్టీబీస్, గోల్డ్‌బీస్ అనే ఈటీఎఫ్‌లలో (షేర్లలా ఎక్స్ఛేంజ్‌లో కొని అమ్మే ఫండ్లు), మిగతాది మ్యూచువల్ ఫండ్లలో పెట్టాం. ఆయనకు ఇప్పుడు టీవీలో వార్తలకంటే "ఇయ్యాల ఎంతుంది?" అన్నదే ముఖ్యం. గూగుల్ షీట్‌లో గూగుల్‌ఫైనాన్స్ ఫంక్షన్‌కు ఎన్‌ఎస్‌ఈ, కోలన్, నిఫ్టీబీస్ అని ఇస్తే ధర టక్కున వస్తోంది. ఫండ్ పేరు ఇచ్చి ఎన్‌ఏవీ (ఒక్కో యూనిట్ విలువ) అడిగితే ఎర్రర్. ఒక్కోటి యాప్‌లో చూసి చేత్తో ఎక్కిస్తున్నా. వేరే దారుందా?

కాజీపేట_జంక్షన్:
ఉంది తమ్మీ. యాంఫీ (మ్యూచువల్ ఫండ్ కంపెనీల సంఘం) సైట్‌లో అన్ని స్కీముల ఎన్‌ఏవీలూ ఒకే టెక్స్ట్ ఫైల్‌లో పెడతారు, దాని పేరు ఎన్‌ఏవీఆల్. వరుసకు స్కీమ్ కోడ్, రెండు ఐఎస్ఐఎన్‌లు (పెట్టుబడికి ఇచ్చే గుర్తింపు నంబర్లు), పేరు, ఎన్‌ఏవీ, తేదీ ఉంటాయి, మధ్యలో సెమీకోలన్లు. వేరే ట్యాబ్‌లోకి ఇంపోర్ట్‌డేటా ఫంక్షన్‌తో తెచ్చుకో, డీలిమిటర్‌గా (కాలమ్‌లను విడదీసే గుర్తుగా) సెమీకోలన్ ఇవ్వు. తర్వాత వీలుకప్‌లో (వెతికి పెట్టే ఫంక్షన్) స్కీమ్ కోడ్ ఇచ్చి ఐదో కాలమ్ అడుగు, అచ్చంగా అదే కోడ్ పట్టేలా చివర్లో ఫాల్స్ పెట్టడం మరవకు.

పేరుతో మాత్రం వెతకొద్దు. ఒకే ఫండ్‌కు డైరెక్ట్ (ఏజెంట్ లేకుండా కొనేది), రెగ్యులర్ (ఏజెంట్ ద్వారా కొనేది), గ్రోత్ (లాభం ఫండ్‌లోనే ఉండేది), ఐడీసీడబ్ల్యూ (డివిడెండ్ పంచేది) అని వేర్వేరు వరుసలుంటాయి. ఏజెంట్ మీకు పెట్టించింది రెగ్యులర్ అయ్యుండి, నువ్వు ఎన్‌ఏవీ ఎక్కువుండే డైరెక్ట్ వరుస పట్టుకున్నావనుకో, బాపుకు లేని డబ్బు చూపించినట్టే. స్టేట్‌మెంట్‌లో ఐఎస్ఐఎన్ ఉంటుంది, దాన్నిబట్టి కోడ్ తీసుకో.

కరీంనగర్_ఎక్సెల్:
ఆ ఫైల్ పెద్దదండీ, షీట్స్‌లో ఒక్కోసారి మొరాయిస్తుంది. ఎక్సెల్ ఉంటే పవర్ క్వెరీలో (బయటి డేటాను తెచ్చే ఎక్సెల్ సాధనం) ఆ లింక్ ఇచ్చి, మీ కోడ్లకే ఫిల్టర్ పెట్టుకోండి. ఇక రోజూ రిఫ్రెష్ కొట్టడమే. ఒకచోట కోడ్ టెక్స్ట్‌గా, ఇంకోచోట నంబర్‌గా ఉంటే ఎంత వెతికినా దొరకదు. నాకు తెలిసి సగం టెన్షన్ దీంతోనే.

హన్మకొండ_పద్దులు:
వచ్చింది అన్నా! కానీ సాయంత్రం చూస్తే నిన్నటి ఎన్‌ఏవీయే ఉంది.

కాజీపేట_జంక్షన్:
మార్కెట్ మూశాకే లెక్క కడతారు, రాత్రి పొద్దుపోయేదాకా ఒక్కొక్కటే ఎక్కుతుంటాయి. ఆరో కాలమ్‌లోని తేదీని కూడా పక్క గడిలోకి తెచ్చుకో, ఏ రోజుదో తెలుస్తుంది. ఇంకోటి, ఆ ఫైల్‌లో ఈటీఎఫ్‌ల ఎన్‌ఏవీ కూడా ఉంటుంది. దాన్ని చూసి షీట్ మార్చకు. ఎక్స్ఛేంజ్‌లో అమ్మితే చేతికొచ్చేది మార్కెట్ ధరే, అది ఎన్‌ఏవీకి కాస్త అటో ఇటో ఉంటుంది. వాటికి గూగుల్‌ఫైనాన్స్‌నే ఉంచు. అది 20 నిమిషాల దాకా ఆలస్యంగా చూపించొచ్చు గానీ, మీరేమీ రోజూ కొని అమ్మేవాళ్లు కాదు కదా.