శాతాల లెక్కల్లో దేన్ని 100గా తీసుకోవాలో ఎలా పోల్చుకోవాలి?

అందరికీ నమస్కారం. పోటీ పరీక్షకు ప్రిపేర్ అవుతున్నాను. 360లో 15 శాతం ఎంత అంటే 54 అని వెంటనే చెప్పేస్తాను. అదే లెక్కను నాలుగు వాక్యాల్లో చుట్టి అడిగితే మాత్రం బుర్ర పనిచేయదు.

నిన్నటి మాక్ టెస్టులో ఒక ప్రశ్న: ఒక సంఖ్య 25 శాతం పెరిగి 150 అయింది, అసలు సంఖ్య ఎంత? నేను 150లో 25 శాతం తీసేసి 112.5 అని పెట్టాను. ఆప్షన్లలో అది కూడా ఉంది మరి, నాలాంటి వాళ్ల కోసమే పెట్టినట్టు! జవాబు 120. 150ని 1.25తో భాగించాలని తర్వాత అర్థమైంది, కానీ పరీక్షలో ఆ టెన్షన్‌లో తట్టదు.

20 శాతం పెరిగి, మళ్లీ 20 శాతం తగ్గితే మొత్తం మీద 4 శాతం తగ్గుతుందని తెలుసు. అది బట్టీ పట్టిందే. "బి కంటే ఏ 25 శాతం ఎక్కువ, అయితే ఏ కంటే బి ఎంత శాతం తక్కువ?" అంటే మళ్లీ మొదటికే. 20 అని జవాబు చూశాక గానీ ఒప్పుకోలేదు.

ప్రశ్న చదువుతుండగానే దేన్ని 100 అనుకోవాలో మీరెలా గుర్తిస్తారు? "కంటే", "లో" లాంటి మాటల్ని పట్టుకుంటారా? శాతాల్ని భిన్నాలుగా మార్చుకుంటే నిజంగా టైమ్ కలిసొస్తుందా? షార్ట్‌కట్ సూత్రాలు వద్దండీ, అవి ఇప్పటికే కలగాపులగం అయిపోయాయి.