గదిలో దూది ఎత్తడానికి పంజా చేయించాను, ఎత్తిన దూదిని వదలడం లేదు: సలహా కావాలి

పెదనందిపాడు రైతు:
సభ్యులందరికీ నమస్కారం. ఉదయం తొమ్మిదింటికి మొదలుపెట్టిన పని సాయంత్రం నాలుగు దాటినా కొలిక్కి రాలేదు. గదిలో తొక్కి నింపిన దూదిని చేతులతో పెరికి సంచుల్లోకి ఎత్తలేక మా ఇంట్లో ఆడవాళ్ళు ఇబ్బంది పడుతున్నారని, ఊళ్ళో వెల్డింగ్ షాపులో అయిదు పళ్ళ పంజా ఒకటి చేయించాను. కుప్పలోకి బాగానే దిగుతోంది, దూదిని పైకి తెస్తోంది, కానీ ఎంత విదిలించినా రాలడం లేదు. నాలుగుసార్లు గుచ్చేసరికి పోగు పళ్ళ చుట్టూ దీపపు ఒత్తిలా పేనుకుపోతోంది. దాన్ని కత్తితో కోసి తీయవలసి వస్తోంది. పళ్ళకు ఇంకా పదును పెట్టిస్తే ఇంకా గట్టిగా పట్టుకుంది. వంపు తగ్గించినా ఫలితం లేదు. రేపు మధ్యాహ్నం ట్రాక్టరు వస్తుంది. ఇటువంటి పనిముట్టు వాడినవారు ఎవరైనా ఉంటే దయచేసి కొలతలు చెప్పండి.

ఆటోనగర్ మిస్త్రీ:
పళ్ళు దేనితో చేశారు? వెల్డింగ్ తరువాత ఆకురాయి పట్టారా? సరుకు తడిదా, పొడిదా? ఇవి తెలియకుండా కొలతలు చెప్పలేను.

తెనాలి ఉపాధ్యాయుడు:
ముందు పదం సరిచూసుకుందాం, ఎందుకంటే పదం తప్పితే సలహా కూడా తప్పుతుంది. మీ గదిలో ఉన్నది దూది కాదు, గింజ పత్తి. చేలో తీసినది గింజ పత్తి. మిల్లులో గింజ విడిపోయాక మిగిలేదే దూది. క్వింటా గింజ పత్తిలో దూది దాదాపు మూడో వంతే, మిగిలిన బరువంతా గింజే. గింజ పత్తిని ఎత్తే పనిముట్టు గింజ బరువును మోయాలి, గింజను చితకనివ్వకూడదు. ఉత్త దూదికి ఆ చింత లేదు. ఎవరైనా మీ ప్రశ్న చదివి దూదికి తగిన సలహా ఇస్తే మీకు నష్టం జరుగుతుంది.

సత్తెనపల్లి పత్తి రైతు:
పంజా సంగతి తరువాత చూడవచ్చు. మీరు ఎత్తి పోస్తున్న సంచులు ఏవి? యూరియా సంచులయితే ఈ క్షణమే ఆపండి. ఆ సంచి అంచుల నుంచి ఊడే ప్లాస్టిక్ దారం పత్తిలో కలిస్తే మిల్లులో ఎవరి కంటికీ కనపడదు. నూలులోకి, బట్టలోకి చేరి, రంగు అద్దాక తెల్లటి గీతలా బయటపడుతుంది, ఎందుకంటే ఆ దారానికి పత్తి రంగు పట్టదు. మన పత్తికి చెడ్డపేరు రావడానికి ఇది పెద్ద కారణం. నూలు బట్టతో కుట్టిన బోరాలు వాడండి. తేమ కూడా చూసుకోండి. కొనుగోలు కేంద్రంలో 8 శాతం తేమకు పూర్తి ధర ఇస్తారు, ఆపైన కోత పడుతుంది, 12 దాటితే కొనరు.

పెదనందిపాడు రైతు:
నేను సంచుల గురించి అడగలేదండీ. అయినా చెప్పారు కనుక బోరాలు తెప్పిస్తాను. మిస్త్రీ గారికి: పళ్ళు మామూలు ఇనుమే, మా ఇంటి స్లాబుకు వాడగా మిగిలిన ఎనిమిది మిల్లీమీటర్ల చువ్వలను అడుగు పొడవున కోయించి అతికించాము. పత్తి రెండో తీతది, అప్పుడు వాన జల్లు పడింది కాబట్టి కొంచెం చెమ్మగా ఉంది. ఇవన్నీ అందరికీ తెలిసే ఉంటాయని మొదట రాయలేదు.

ఆటోనగర్ మిస్త్రీ:
లోపం అక్కడే ఉంది. స్లాబు చువ్వ మీద ఉండే గీతలు సిమెంటు పట్టు కోసం పెట్టినవి. సిమెంటునే వదలనివి పత్తిని వదులుతాయా? నున్న సలాక తీసుకోండి. కోసిన కొసను పదును పెట్టకుండా వేరుసెనగ గింజలా గుండ్రంగా అరగదీయించండి. వెల్డింగ్ చిమ్మిన బొట్లు ఒక్కటి కూడా మిగలకుండా ఆకురాయి పట్టి, ఆ తరువాత ఉప్పు కాగితంతో నిలువునా రుద్దండి. అడ్డంగా రుద్దితే ఆ గీతలే మళ్ళీ పోగును పట్టుకుంటాయి. చివరగా పాత చీర ముక్కను పళ్ళ మీదుగా లాగి చూడండి, ఎక్కడ ఆగితే అక్కడ ఇంకా పని మిగిలి ఉన్నట్లు.

జిన్నింగ్ మిల్లు మాజీ ఫిట్టరు:
మిస్త్రీ గారి మాట నూటికి నూరు పాళ్ళు నిజం. ఆయన చెప్పినదాని వెనక ఉన్న కారణం కూడా చెబుతాను. 1793లో అమెరికాలో ఎలీ విట్నీ చేసిన జిన్ను, అంటే గింజ నుంచి దూదిని విడదీసే యంత్రం, పనిచేసింది సరిగ్గా మీ పంజా పద్ధతిలోనే: తీగ పళ్ళు పోగును పట్టి సందుల్లోంచి లాగేవి, గింజ సందు దగ్గర ఆగిపోయేది. అయితే పళ్ళకు చుట్టుకున్న పోగును ఊడ్చడానికి ఆయన వెనక తిరిగే బ్రష్షు పెట్టవలసి వచ్చింది. మీరు పళ్ళు పెట్టారు, బ్రష్షు పెట్టలేదు. అందుకే పదును పెంచిన కొద్దీ అది ఎత్తే పనిముట్టు కాకుండా పోగు లాగే పనిముట్టు అయింది. మన ప్రాంతపు మిల్లుల్లో ఎక్కువగా ఉండే డబుల్ రోలర్ జిన్నులో పళ్ళే ఉండవు. తోలు రోలరు పోగును పట్టి కత్తి అంచు కిందుగా లాగుతుంది. గదిలో ఇనుము వాడవద్దనే నేను అంటాను. గచ్చుకు తగిలి ఒక్క రవ్వ లేచినా పత్తి కుప్పలో నిప్పు పైకి మండకుండా లోలోపలే రాజుకుంటూ పోతుంది. గడ్డి తిరగేసే పంగలకర్ర మీ ఇంట్లో ఉండే ఉంటుంది, దానినే నున్న చేసుకోండి. వెదురు మాత్రం వద్దు, పేళ్ళు లేస్తాయి.

తెనాలి ఉపాధ్యాయుడు:
ఫిట్టరు గారు పంగ అన్నారు, సంతోషం. పంజా అంటే గోళ్ళతో బిగించి పట్టేది. మీకు కావలసింది మోసి వదిలేది, అంటే పంగ.

ఆటోనగర్ మిస్త్రీ:
పేరు మార్చితే చువ్వ మీద గీతలు పోవు. పంజాను కూడా నున్నగా చేస్తే వదులుతుంది.

తెనాలి ఉపాధ్యాయుడు:
పోవని నాకూ తెలుసు. కానీ ఆయన షాపులో పంజా అని అడిగాడు కాబట్టే వాళ్ళు పదునైన గోళ్ళు పెట్టి ఇచ్చారు. పంగ అని అడిగి ఉంటే పదును పెట్టే ఆలోచనే వచ్చేది కాదు.

సత్తెనపల్లి పత్తి రైతు:
వాన జల్లు పడిన పత్తి అని ఆయన స్వయంగా రాశాక కూడా మనం పేర్ల గురించి మాట్లాడుకుంటున్నాము. చెమ్మ పత్తిని తొక్కి నింపితే కుప్ప లోపల వేడెక్కుతుంది, రంగు పసుపు తిరుగుతుంది, గింజ మొలక శక్తి పోతుంది. ఇప్పుడే కుప్ప నడుమ మోచేతి దాకా చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా తగిలితే రేపటి ట్రాక్టరును ఆపించి, పత్తిని డాబా మీద నూలు దుప్పట్లపై పలచగా ఆరబోయండి. ఆరబోసిన పత్తిని గంటకోసారి తిరగేయడానికి కూడా ఈ పంగే పనికి వస్తుంది.

పెదనందిపాడు రైతు:
పశువుల పాకలో పాత పంగలకర్ర దొరికింది. ఉప్పు కాగితం పట్టి, రాత్రి లైటు వేసుకొని పది బోరాలు నింపాము. పోగు అంటుకోవడం లేదు, జారిపోతోంది. అందరికీ ధన్యవాదాలు.

సత్తెనపల్లి పత్తి రైతు:
చెయ్యి పెట్టి చూశారా? వెచ్చగా ఉందా?

ఆటోనగర్ మిస్త్రీ:
పంగ పిడి పొడవు, పళ్ళ మధ్య ఎడం ఎంతో కొలిచి ఇక్కడ పెట్టండి. నున్న సలాకతో అదే కొలతకు ఒకటి చేసి చూస్తాను.